మనీలాలో వాన పడితే

మునగలంక మామిడి తాండ్ర వికాస సంస్థలో గోడ గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పిన రోజున, కళ్లం సూపర్‌వైజరు గొలుగూరి రాఘవులు టైముకే వచ్చి ఆలస్యమైపోయాడు. ఇంట్లోంచి తొమ్మిదిన్నరకి బయల్దేరి పదింటికల్లా ఆఫీసు మెట్లెక్కాడు పాపం. హాజరు పట్టీ దగ్గరున్న గుమాస్తా తలెత్తకుండా గడియారం వైపు చెయ్యి చూపించాడు. పన్నెండున్నర.

"గడియారం పాడైందా ఏంటయ్యా?"

"గడియారం సుబ్బరంగా ఉందండి. అది మనీలా టైము. ఇవాళ్టి నుంచి మన టైమూ అదే. మీకు అరపూట సెలవు పడిపోయింది. క్యారేజీ తెచ్చుకుంటే భోజనానికి కూర్చోండి, బెల్లు కొట్టేస్తారు," అన్నాడు గుమాస్తా.

రాఘవులు ఇంట్లో తిన్న ఉప్మా ఇంకా గొంతు దిగలేదు. అయినా సర్క్యులరు సర్క్యులరే కనుక, ఆవకాయ అన్నం ముందేసుకుని కూర్చున్నాడు.

ఈ పిచ్చి ఎలా మొదలైందో చెప్పాలి. సంస్థ మేనేజింగ్ డైరెక్టరు ప్రభంజనరావుగారు ఉగాది వెళ్లిన వారంలో రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్లారు. అక్కడ ఏసీ హాల్లో, జీడిపప్పు పలుకుల మధ్య, ఎవరో తెర మీద బొమ్మలేసి, ఫిలిప్పీన్స్ దేశస్థులు ఫోను చూసినంతగా భూమ్మీద ఇంకెవరూ చూడరని చెప్పారట. అంతే. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నవాడు కూడా అంత వేగంగా ఎక్కి ఉండడు. తిరిగొచ్చీ రాగానే ప్రభంజనరావుగారు మీటింగు పెట్టించారు. పక్కన హైదరాబాదు నుంచి దిగిన డిజిటల్ కన్సల్టెంటు తన్మయి, ఒళ్లో లాప్‌టాప్‌తో కూర్చుంది.

"మిత్రులారా! ఇన్నాళ్లూ మనం అమ్మేవాడి కళ్లతో చూశాం. అందుకే మన తాండ్ర మునగలంక దాటలేదు. ఇకమీదట ప్రేక్షకుడి కళ్లతో చూస్తాం. ఫిలిప్పీన్స్ ప్రేక్షకుడే మన లక్ష్యం, గమ్యం, సర్వస్వం. సంస్థలో చీమ చిటుక్కుమన్నా అది అతని కోణం నుంచే చిటుక్కుమనాలి. ప్రేక్షకుడి మాటే శాసనం!" అన్నారాయన.

వెనక బల్ల మీద నుంచి రాఘవులు లేచాడు. లేవకుండా ఉండాల్సింది.

"సార్, నాదొక చిన్న మనవి. వాళ్లకీ మామిడితోటలు బోలెడు ఉన్నాయటండి. మామిడికాయ ముక్కలు ఎండబెట్టి వాళ్లే ఊళ్లన్నిటికీ అమ్ముతారట. మన తాండ్ర వాళ్లెందుకు కొంటారండీ?"

"ఈ విషయం నీకెలా తెలుసు?"

"మా బావమరిది కొడుకు అక్కడ డాక్టరీ చదివాడండి. రెండేళ్లు చదివి, తిండి పడక వచ్చేశాడు."

ప్రభంజనరావుగారి మొహం వెలిగిపోయింది. తన్మయి వైపు తిరిగి, "చూశారా, మన సంస్థలోనే ఫిలిప్పీన్స్ నిపుణుడున్నాడు!" అన్నారు. ఆ సాయంత్రానికల్లా రాఘవులు కళ్లం సూపర్‌వైజరుతో పాటు ఫిలిప్పీన్స్ విభాగం ఇన్‌ఛార్జి కూడా అయిపోయాడు. జీతం పెరగలేదు. ప్రశ్నకి జవాబూ రాలేదు.

రాఘవులికి ఇవేవీ పట్టవు. అతని బెంగంతా కళ్లం మీదే. ఆఫీసు వెనకున్న ఆ జాగాలోనే ఏటా ఎండాకాలం ఊళ్లో ఆడవాళ్లు తాటాకు చాపలు పరిచి మామిడి రసం పోస్తారు. పొర ఆరాక దాని మీద ఇంకో పొర, అది ఆరాక మళ్లీ ఒకటి. ఆ పని రోహిణి కార్తె ఎండల్లో జరగాలి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయా, ఏడాది పని నేలపాలే. ఈసారి ఇంకో ముప్పు కూడా ఉంది. ఈ ఏడు కళ్లంలో తాండ్ర దిగకపోతే ఆ జాగాని వీడియోలు తీసే స్టూడియోకి ఇచ్చేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఆడవాళ్లకి పెద్ద దిక్కులాంటి నూకాలమ్మ వచ్చి అడిగితే, "కాయ బాగా దిగింది నూకాలమ్మా, బెంగెట్టుకోకు. చాపలు నింపించే పూచీ నాది," అని మాటిచ్చేశాడు రాఘవులు. ఆ మాట ఇప్పుడు అతన్ని ముల్లులా పొడుస్తోంది.

మనీలా టైము కళ్లానికీ వర్తిస్తుందని రెండో రోజునే తేలింది. మధ్యాహ్నం మూడు గంటల యాభై నిమిషాలకి, ఎండ పెళపెళలాడుతుండగా, సెక్యూరిటీ గార్డు ఈల ఊదుతూ వచ్చాడు.

"చాపలెత్తేయండమ్మా! పొద్దుగూకిపోయింది!"

నూకాలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆకాశంలోకి చూసింది. సూర్యుడు నడినెత్తి దిగి కాస్త పక్కకి ఒరిగాడంతే.

"నీ కళ్లకేవైనా పొరలు కమ్మాయేటి నాయనా? అదిగో, అంత లావు పొద్దు కనపడట్లేదా?"

"అది మన పొద్దండి. ఆఫీసు పొద్దు ములిగిపోయింది."

నూకాలమ్మ సరాసరి రాఘవులు దగ్గరికొచ్చింది. "ఏవండీ, పొర సగంలో ఉంది. ఇప్పుడు మడతెడితే తెల్లారేసరికి పులిసి కంపుకొడతాదండి. ఈ గోలేటండీ మాకు?"

రాఘవులు మెట్ల మీద మెట్లు ఎక్కి మేనేజింగ్ డైరెక్టరుగారి గదికి వెళ్లి అదే మాట చెప్పాడు. ప్రభంజనరావుగారు జాలిగా చూశారు. "రాఘవులూ, మనీలాలో మన ప్రేక్షకుడు దీపాలు పెట్టుకుని ఫోను తీశాడు. అందులో నువ్వు ఎర్రటి ఎండ చూపిస్తే అతనికి ఏమనిపిస్తుంది? పరాయివాళ్లమని అనిపించదూ?" అన్నారు. తన్మయి కూడా తల ఊపి, "ఎమోషనల్ సింక్ పోతుంది సార్," అంది.

"పోనీ, పొద్దున్నే ముందుగా మొదలెట్టుకోమందామా సార్?"

"తప్పకుండా! మనీలాలో సూర్యోదయం మనకి తెల్లవారుజాము మూడు గంటలకే. అప్పుడు పరిపించు."

ఆ చీకట్లో మామిడి రసం ఎలా ఎండుతుందని రాఘవులు అడగలేదు. అడిగితే దానికీ ఒక విభాగం పెట్టి ఇన్‌ఛార్జిగా తననే వేస్తారని భయం.

తర్వాత వచ్చింది శాతాల గోల. తన్మయి నెట్‌లో పెట్టిన సంస్థ పేజీకి ఫాలోయర్లు వచ్చారు కానీ వాళ్లంతా మునగలంక, రావులపాలెం, కాకినాడ వాళ్లే. పేజీ పుట్టిన రోజున రాఘవులే చుట్టాలందరికీ ఫోను చేసి మరీ చేర్పించాడు. తన్మయి లెక్క తీసి తెర మీద పెట్టింది. ఫిలిప్పీన్స్ ప్రేక్షకులు ఒక్క శాతం కూడా లేరు.

"ప్రేక్షకుల్లో కల్తీ జరిగింది," అన్నారు ప్రభంజనరావుగారు, నేతిలో డాల్డా దొరికిన ఇనస్పెక్టరు గొంతుతో. "శాతం పెరగాలంటే మార్గాలు రెండు. ఫిలిప్పీన్స్ వాళ్లని పెంచడం, లేదా మిగతావాళ్లని తగ్గించడం. రెండోది మన చేతిలో పని."

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికీ తెలియజేయడమేమనగా, సంస్థ పేజీని అనుసరించుచున్న తెలుగువారు, వారి బంధుమిత్రులు తక్షణమే వైదొలగవలెను. వైదొలగని పక్షమున తగు చర్య తీసుకొనబడును." చేర్పించిన చుట్టాలందరికీ రాఘవులు మళ్లీ ఫోన్లు చేశాడు. వాళ్ల పెద్దమేనత్త అయితే, "రమ్మన్నదీ నువ్వే, పొమ్మన్నదీ నువ్వే! మాకేవన్నా సిగ్గూ శరం లేవనుకున్నావుట్రా?" అని దులిపేసింది. ఆవిడ మళ్లీ అతనితో మాట్లాడలేదు.

శుద్ధి అక్కడితో ఆగలేదు. అమ్మకాల కౌంటరు దాకా పాకింది. పక్క జిల్లా నుంచి ఒక పెద్దమనిషి, కూతురి సీమంతానికని తాండ్ర కొనడానికి వచ్చాడు. కౌంటరులో అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది.

"క్షమించండి బాబాయిగారూ. మీరు మా టార్గెట్ ఆడియన్స్ కాదండి."

"నేను ఆడియన్సు కాదమ్మా, ఆకివీడు పక్కనే మా ఊరు. అర్ధకేజీ ఇయ్యి చాలు."

"ఇవ్వకూడదండి. మీరు కొంటే మా డేటా పాడైపోద్దండి."

పెద్దమనిషి అద్దాల బీరువాలో మెరుస్తున్న తాండ్ర చుట్టల్ని చూసి, కౌంటరు అమ్మాయిని చూసి, చివరికి తన చేతిలో ఖాళీ సంచీని చూసుకున్నాడు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పాత సరుకు బీరువాలోనే ఉండిపోయి గట్టిపడింది. కొన్నాళ్లకి దాన్ని పారబోసి, 'ప్రేక్షకుల కోసం కాచుకుని ఉన్న సరుకు' అని ఖాతాలో రాసుకున్నారు.

ఇలా తీసెయ్యగా తీసెయ్యగా ఒకరోజు తన్మయి కెవ్వున కేకేసింది. పేజీలో ఒక్కరంటే ఒక్కరే మిగిలారు. ఆవిడ పేరు మరిసెల్. ఫిలిప్పీన్స్ మనిషి.

"నూటికి నూరు శాతం!" అని ప్రభంజనరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు. స్వీట్లు తెప్పించారు. తాండ్ర సంస్థలో ఆ రోజు పంచింది బూందీ లడ్డూలు. దేశంలో ఏ సంస్థకీ ఇంత స్వచ్ఛమైన ప్రేక్షకులు లేరని ఎక్కడికో రాశారు. ఎక్కడి నుంచో 'ప్రేక్షక శుద్ధి పురస్కారం' ఇస్తామని జవాబు కూడా వచ్చేసింది.

ఆ మరిసెల్ ఎవరో రాఘవులికి నూకాలమ్మ వల్ల తెలిసింది. బూందీ లడ్డూ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టి జరిగింది చెబితే, నూకాలమ్మ కిసుక్కున నవ్వింది.

"మరిసెల్లా? మా చెల్లి గంగ స్నేహితురాలండి! కువైట్లో గంగా, ఆ పిల్లా ఒకే సేటు ఇంట్లో పనికున్నారు, ఏడేళ్ల నుంచి. గంగ కిందటేడు ఇక్కణ్ణించి తాండ్ర పట్టికెళ్లింది. ఆ పిల్లకి తెగ నచ్చేసిందంట. మీ ఫోనులో బొమ్మలు చూస్తే నోరూరతాదని చేరిందండి."

"కువైట్లోనా? ఫిలిప్పీన్స్‌లో కాదా?"

"ఆయ్, కువైటేనండి. ఎడారి. వానా లేదు, గీనా లేదు. పొద్దస్తమానం ఎండే అంటది గంగ."

రాఘవులు అది విని ఊరుకున్నాడు. ఇన్ని అనర్థాలకి ఇదొకటి ఎందుకు కలపడం అనుకున్నాడు. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు మర్నాడే మనీలాలో తుపాను పట్టింది. కళ్లం గేటుకి తాళం పడింది.

"ప్రేక్షకుడు వానలో తడుస్తుంటే మనం ఎండలో ఎండబెట్టుకోవడం అమానుషం," అని ప్రభంజనరావుగారు సంతాప ధోరణిలో ఉత్తర్వు చదివారు. "అక్కడ తెరిపి ఇచ్చేవరకు ఇక్కడ చాపలు పరవరాదు."

బయట రోహిణి ఎండ రోళ్లు పగలగొడుతోంది. గేటు అవతల బుట్టలకొద్దీ కాయ మగ్గి, ముగ్గి, ఈగలు ముసురుతున్నాయి. ఆడవాళ్లు గోడ నీడన వరుసగా కూర్చున్నారు. ఎవరూ తిట్టడం లేదు. తిడితే బావుణ్ణని రాఘవులికి అనిపించింది. నూకాలమ్మ ఒక్కతే, "పూచీ మీదన్నారు కదండీ," అంది, మెల్లగా.

రాఘవులు గిర్రున తిరిగి మెట్లెక్కాడు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి.

"సార్, ఘోరమైన తప్పు జరిగిపోతోందండి. మన ప్రేక్షకులు నూటికి నూరు శాతం కువైట్లో ఉన్నారు. మనమేమో మనీలా వాన చూసుకుంటున్నాం. ప్రేక్షకుడే సర్వస్వమని తమరే సెలవిచ్చారు. ఆవిడ నెత్తిన ఎండ మాడుతుంటే మనం ఇక్కడ గేటు మూసుకుని వాన నటించడం ఆవిణ్ణి అవమానించడం కాదా సార్?"

తన్మయి గబగబా లాప్‌టాప్ నొక్కి, "నిజమే సార్! లొకేషన్ కువైట్!" అంది. ప్రభంజనరావుగారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

"ఇంత ద్రోహం చేశామా ఆ తల్లికి? రాఘవులూ, ఉత్తర్వు నువ్వే రాయి. గట్టిగా రాయి."

రాఘవులు తన సర్వీసులో ఎన్నడూ రాయనంత గట్టిగా రాశాడు. కళ్లం సమయములు, వాతావరణము యావత్తూ కువైట్‌ననుసరించి ఉండవలెను. కువైట్‌లో ఎండ ఉన్నంతసేపు చాపలు పరచి ఉండవలెను. ఎట్టి పరిస్థితులలోనూ, ఎవ్వరి మాటపైననూ తీయరాదు. ఎవడో మళ్లీ ఈల ఊదుకుంటూ రాకుండా ఆ చివరి ముక్క రెండుసార్లు గీత గీసి మరీ పెట్టాడు. గోడ గడియారాన్ని ఐదు గంటలు వెనక్కి తిప్పారు. పదిన్నరకి తినే అన్నం ఇప్పుడు మూడున్నర దాకా లేదు.

కళ్లంలో మళ్లీ రసం వాసన లేచింది. పొర మీద పొర ఎక్కింది. తేనెరంగు తిరిగి, వేలు పెడితే అంటుకోనంత ఆరింది. నూకాలమ్మ ఒక అంచు చింపి రాఘవులు నోటికందించింది. చిన్నప్పటి రుచి. "ఇంకో రెండెండలు తగిల్తే చుట్టేసుకోవచ్చండి," అందామె. రాఘవులు ఆ పూట మీసం దువ్వుకున్నాడు.

రెండు ఎండలు తగలనే లేదు. పురస్కారం ఇచ్చే రోజు వచ్చింది.

లైవు కళ్లంలోనే పెట్టించారు ప్రభంజనరావుగారు, వెనకాల పరిచిన తాండ్ర కనపడాలని. ఆయన ఒంటి మీద ఫిలిప్పీన్స్ వాళ్ల పల్చటి బుటేదారు చొక్కా, మునగలంక టైలరు కుట్టింది. ఫిలిప్పీన్స్‌లో క్రిస్మసు సెప్టెంబరులోనే మొదలవుతుందనీ, ఏర్పాట్లు ముందే ఉండాలనీ జూన్ మొదట్లోనే కళ్లం చుట్టూ కాగితం నక్షత్రాలు కట్టించారు. తన్మయి కెమెరా తిప్పింది. పురస్కారం ఇచ్చేవాళ్లు తెర మీద ఎక్కడి నుంచో చప్పట్లు కొట్టారు. చూస్తున్నవారు ఒకరు. నూటికి నూరు శాతం.

ఉపన్యాసం రెండో వాక్యంలో ఉండగా ఈదురుగాలి లేచింది. గోదావరి మీద నుంచి నల్లటి మబ్బు దొర్లుకుంటూ వచ్చేసింది. మొదటి చినుకు ప్రభంజనరావుగారి బట్టతల మీద టప్పున పడింది. ఆడవాళ్లు చాపల మీదకి ఒంగారు.

"ఆగండి! ఎవరూ ముట్టుకోకూడదు!" అని అరిచాడు గార్డు. అతని చేతిలో ఉత్తర్వు ఉంది. గీతలతో సహా.

రాఘవులు పరుగున వెళ్లి కెమెరా పక్క నిలబడ్డాడు. "సార్, వాన సార్! చాపలు తీయించెయ్యండి సార్!"

ప్రభంజనరావుగారు నవ్వు చెదరకుండా పెదాల మధ్య నుంచి అడిగారు. "తన్మయీ, కువైట్‌లో వానుందా?"

"నలభై ఆరు డిగ్రీలు సార్. మబ్బు కూడా లేదు."

"మరింకేం? వాన పడటం లేదు." అని ఆయన తడుస్తూనే ఉపన్యాసంలోకి వెళ్లిపోయారు.

నూకాలమ్మ రాఘవుల్నే చూస్తోంది. చినుకులు తాండ్ర మీద గుంటలు పెడుతున్నాయి. "మీరు రాసిందేనంట కదండీ," అందామె.

ఆ మాటకి రాఘవులు చెంప పగిలినట్టయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది, ఆ మందు కలిపింది తనే! ఛీ, నా ఉత్తర్వూ వద్దు, నా ఉద్యోగమూ వద్దు అనుకున్నాడు. గార్డుని పక్కకి నెట్టి మొదటి చాప తనే ఎత్తాడు.

"రాఘవులూ! సస్పెండు చేసేస్తాను!" ప్రభంజనరావుగారి కేక లైవులోకి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడు తన్మయి ఫోను టింగుమంది. "సార్... ఆడియన్స్ కామెంట్ పెట్టింది సార్!"

ప్రేక్షకుడి మాటే శాసనం. ప్రభంజనరావుగారు చేతులు జోడించి, "చదవండి," అన్నారు. అక్షరాలు ఇంగ్లీషువే. తన్మయి కూడబలుక్కుని చదివింది.

"వాన! వాన! చాపలు తీయండి! నూకాలక్కా, పరిగెట్టు! ఆ చొక్కా ఆయన అలా నిలబడ్డాడేంటి, ఆయన్నీ పట్టమను!"

ఇంక చెప్పేదేముంది? శాసనం అయిపోయింది. గార్డు ఉత్తర్వు జేబులో కుక్కి ఒక చాప అంచు పట్టాడు. ఆడవాళ్లు ఈలలేసినట్టు నవ్వుతూ పరుగులు తీశారు. ప్రభంజనరావుగారు బుటేదారు చొక్కాతో, చంకలో తాండ్ర చాపతో, నక్షత్రాల కింద నుంచి వరండాలోకి పరిగెత్తారు. వాన జోరందుకునే వేళకి ఒక్క చాప కూడా బయట లేదు. అంచులు తడిసినవి తడిశాయి. మిగతాదంతా దక్కింది.

తల తుడుచుకుంటూ ప్రభంజనరావుగారు అడిగారు. "ఆవిడ అదేం భాషలో రాసింది?"

"తెలుగు సార్," అంది తన్మయి నీరసంగా. లాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పింది. మాటల్ని బట్టి ఆ యంత్రం లెక్క సవరించేసుకుంది. ఫిలిప్పీన్స్ ప్రేక్షకులు సున్నా. తెలుగు ప్రేక్షకులు నూటికి నూరు. పురస్కారం ఇచ్చేవాళ్లు అప్పటికే తెర మీద లేరు.

మూడోనాడు రాఘవులికి మెమో వచ్చింది. చాప ఎత్తినందుకు కాదు. అది ప్రేక్షకుల ఆదేశమే కనుక సక్రమం. "సంస్థకు గల ఏకైక ఫిలిప్పీన్స్ ప్రేక్షకురాలికి తెలుగు భాష నేర్పి, తద్వారా శాతమును నూరు నుంచి సున్నాకు దిగజార్చిన వ్యక్తి ఎవరు? ఎవరి అనుమతితో నేర్పిరి? ఏ విధానమున నేర్పిరి? వివరణ సమర్పించవలెను."

రాఘవులు ఆ కాగితం పట్టుకుని కళ్లంలోకి వెళ్లాడు. వాన వెలిసి, ఎండ తిరిగి, మిగిలిన పొరలు ఆరి, ఆడవాళ్లు తాండ్ర చుట్టలు చుడుతున్నారు. నూకాలమ్మ మరిసెల్‌కి పంపడానికని ఒక పెద్ద పొట్లం విడిగా కట్టి పెట్టింది. రాఘవులు మెమో చదివి వినిపించి, "ఏం రాయమంటావు? ఎలా నేర్పిందంట మీ చెల్లి?" అని అడిగాడు.

"నేర్పడవేటండీ? పుస్తకాలెట్టి పాఠాలు చెప్పిందేటి?" నూకాలమ్మ పురికొస పళ్లతో తెంపి ముడేసింది. "సేటమ్మ తిట్టిన రోజున ఇద్దరూ ఒకే కంచంలో తిని ఏడుస్తారంటండి. ఏడేళ్లు. అలాగొచ్చేసింది."

రాఘవులు అక్కడే బుట్ట బోర్లించి, దాని మీద కాగితం పెట్టుకుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం పెట్టాడు.